కొండకు వెళ్ళిన బండి

మా బావమరిది ఫుల్క్ సముద్రం దాటి వచ్చేసరికి థార్న్‌హర్స్ట్‌లో బార్లీ పండిపోయి తలలు వంచేసింది. కోసే నాథుడు లేడు.

నేను పెద్దింటి వాకిట్లో బల్ల మీద కూర్చుని రొట్టె తింటున్నాను. ఫుల్క్ గుర్రం దిగి నన్ను కావలించుకున్నాడు. ఒకడుగు వెనక్కి వేసి ముఖంలోకి చూశాడు.

“బాగానే ఉన్నావు బావా. చచ్చిపోయావేమో అనుకుంది అక్క. అలా అయినా బాగుండేది, కబురందేది అని కూడా అంది.”

“కూచో. రొట్టె తిను.”

“తింటాను. ముందు చెప్పాల్సింది చెప్పనీ. అక్క మాటలు కడుపులో పెట్టుకుని వచ్చాను. ఆ ఓడలో కడుపులో నిలిచింది అదొక్కటే.”

నార్మండీలో మా ఊరు మార్క్‌వాల్. నా భార్య హవీజ్ అక్కడే ఉండిపోయింది. ఆమె చెప్పి పంపిన కబురు చిన్నదే. కోతలయ్యాక వచ్చే మిఖాయేలు పండుగకు నేను ఇంట్లో ఉండాలి. లేకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదు.

“అయిపోయిందా?” అన్నాను.

ఫుల్క్ రొట్టె అందుకోబోయి ఆగాడు. “ఇంకొకటుంది. వచ్చేటప్పుడు ఓస్మండ్‌ను తీసుకురావాలి. వాడు లేకుండా ఒక్కడివే వస్తే గుమ్మం దాటనివ్వనంది.”

ఓస్మండ్ మా ఒక్కగానొక్క కొడుకు. కిందటి ఆకురాలు కాలంలో హేస్టింగ్స్ పైనున్న కొండ మీద జరిగిన యుద్ధంలో పోయాడు. నేను అదే కొండకు ఇంకో పక్కన ఉన్నాను. పొద్దుగూకాక వాణ్ణి చూశాను. మా వైపు పోయినవాళ్ళందరితో పాటు కిందనున్న వాగు పక్కన గుంట తీసి పూడ్చాం. హవీజ్‌కు నేను పంపిన కబురు అదొక్కటే. నాకు ఏడుపు రాలేదు. ఆ సాయంత్రమూ రాలేదు, చలికాలమంతా రాలేదు. తిమ్మిరెక్కిన కాలి మీద నిలబడినట్టుండేది. కాలుందని తెలుస్తుంది, అది నాదని తెలియదు.

“ఏమంటావు?” అన్నాడు ఫుల్క్.

“చూద్దాం.”

“అక్కతో చెప్పమంటావా, ‘చూద్దాం’ అన్నాడని? నేను ఇక్కడే ఉండిపోతాను అయితే. నాక్కూడా ఒక ఇల్లు చూడు.”

ఆ యుద్ధం గెలిచిన మా ప్రభువు ఇప్పుడు ఇక్కడ రాజు. ఆయనిచ్చిన భూమిని వదిలి సముద్రం దాటినవాళ్ళ భూమి ఇంకొకరికి పోతోంది. పెళ్ళాలు పిలిచారని వెళ్ళిపోయినవాళ్ళను తలుచుకుని మిగిలినవాళ్ళం నవ్వుకునేవాళ్ళం. నవ్వు అయ్యాక ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్ళు కాదు.

నాకిచ్చిన థార్న్‌హర్స్ట్ సివర్డ్ అనే ఆయనది. ఆయనా ఆ కొండ మీదే పోయాడు, అవతలి వైపు నిలబడి. ఆయన భార్య గున్‌హిల్డ్ పాలకొట్టం వెనకాల గదుల్లో ఉండేది. ఇంటి తాళాలు ఇంకా ఆమె నడుముకే వేలాడేవి. ఆమెను ఖాళీ చేయించలేదేమని తోటి దొరలు నన్ను అడిగేవాళ్ళు. అది నా మంచితనం కాదు. పొమ్మంటే ఆవిడతో ఏదో ఒకటి మాట్లాడాలి. నాకు మాట్లాడాలని లేదు.

*

ఆ మధ్యాహ్నం హెర్లూయిన్ పొలం నుంచి వచ్చాడు. మార్క్‌వాల్ నుంచి నాతో వచ్చిన బంటు. నా మనుషులకు పెద్ద.

“ఇవాళా కొయ్యలేదు దొరా. మొదటి పన, అదే మొదటి కట్ట, ఇల్లుగలవాడే కొయ్యాలట, అది వాళ్ళ ఆచారమట. సరే అని మీ తరఫున నేనే కోశాను. చేతులు కట్టుకుని చూశారు. ఒకడు నవ్వాడు కూడా.”

“ఎందుకు?”

“నేను కొడవలి పట్టిన తీరు చూసి అనుకుంటా. నాకూ నవ్వొచ్చింది, అది వేరే సంగతి.” నవ్వాపి గొంతు తగ్గించాడు. “ఇంకో వారం ఇలాగే ఉంటే గింజ రాలిపోతుంది. పైన వాన కూడా కాచుకునుంది. చలికాలం వాళ్ళూ పస్తే, మనమూ పస్తే. ఒక్క ఇల్లు తగలబెడితే రేపు పొద్దున్నే పొలంలో ఉంటారు.”

“ఎవరి ఇల్లు?”

“ఎవరిదైతేనేం.”

ఊళ్ళ మీద ఊళ్ళే తగలబెట్టి వచ్చినవాళ్ళం. వద్దనడానికి నాలో ఏదీ అడ్డు రాలేదు. సరేననడానికి కూడా ఏదీ ముందుకు రాలేదు. చివరికి, “ఆవిణ్ణి పిలు. పాదిరిని కూడా,” అన్నాను.

ఊరి పాదిరి ఆల్రిక్ చిన్నప్పుడు కొన్నాళ్ళు మా రువాన్ పట్నంలో చదువుకున్నాడు. ఊళ్ళో మా భాష వచ్చినవాడు ఆయనొక్కడే. గున్‌హిల్డ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పొడుగాటి మనిషి. ఆమె దగ్గర విరిగిన పాల వాసన వచ్చింది.

కోత ఎందుకు మొదలుపెట్టడం లేదని అడిగించాను. ఆమె టూకీగా ఏదో అంది.

ఆల్రిక్ గొంతు సవరించుకున్నాడు. “అయ్యా, తమరి దయవల్ల ఈ ఊరు చల్లగా ఉందనీ, తమరి ఆజ్ఞ శిరసావహిస్తామనీ, అయితే మనసులు ఇంకా కుదుటపడలేదనీ విన్నవించుకుంటోంది.”

“ఆమె అన్నది నాలుగు మాటలు,” అన్నాడు ఫుల్క్ నవ్వుతూ.

“మా భాష కాస్త పొదుపైనది బాబూ.”

“ఉన్నదున్నట్టు చెప్పు,” అన్నాను.

ఆల్రిక్ నేలచూపులు చూశాడు. “‘ఇల్లుగలవాడు కొండ మీద కుక్కల పాలై పడుంటే కోతేమిటి’ అంది.”

ఫుల్క్ నవ్వు ఆగిపోయింది. గున్‌హిల్డ్ మళ్ళీ మాట్లాడింది, ఈసారి కాస్త ఎక్కువసేపు. ఆల్రిక్ ఏ మర్యాదలూ కలపకుండా చెప్పాడు. “ఆయన్ను తెచ్చుకోనీ. చర్చి పక్కన మట్టి చేశాక మొదటి పన నేనే కోస్తాను. నేను కోస్తే వీళ్ళు కోస్తారు. కానీ నువ్వు కూడా రావాలి. నువ్వు లేకపోతే దారిలో నీవాళ్ళే మమ్మల్ని ఆపుతారు.”

“కొండకి పోయి రావడానికి ఎద్దుబండి మీద ఎన్ని రోజులు పడుతుంది దొరా?” అన్నాడు హెర్లూయిన్. “ఈలోగా వాన పడితే?”

“పడితే పడుతుంది,” అన్నాను. “బండి కట్టించు.”

*

ఆల్రిక్ బండి తోలాడు. గున్‌హిల్డ్ వెనకాల గడ్డి మీద కూర్చుంది. ఒళ్ళో ఉతికి మడతపెట్టిన నారబట్ట. నేనూ ఫుల్కూ గుర్రాల మీద పక్కన నడిచాం. దారి పొడుగునా పొలాలు కొన్ని కోసి ఉన్నాయి, కొన్ని కలుపు పట్టి ఉన్నాయి. కొన్ని ఊళ్ళలో పొయ్యిరాళ్ళు తప్ప ఇళ్ళు లేవు. ఆ దారినే పైకి వచ్చాం మేము, కిందటేడు.

ఒక వంతెన దగ్గర మావాళ్ళే కాపలా ఉన్నారు. ఒకడు బండిలోకి తొంగిచూశాడు.

“ఏం తీసుకెళ్తున్నారు దొరా?”

“ఏమీ లేదు. తేవడానికి వెళ్తున్నాం.”

వాడు గున్‌హిల్డ్‌ను ఎగాదిగా చూశాడు. “కొత్త సంసారమా? కాస్త ముదురే, కానీ ఇల్లూ పొలంతో సహా వస్తే ముదురైతేనేం.”

నేను కొరడాతో వాణ్ణి కొట్టాల్సింది. దారివ్వమన్నాను. వాడు ఇచ్చాడు.

వంతెన దాటాక గున్‌హిల్డ్ ఏదో అడిగింది. ఆల్రిక్ జవాబు చెప్పాడు. ఆమె ఒక మాట విసిరింది. ఫుల్క్ ఊరుకోలేక, “ఏమంటోంది?” అన్నాడు.

“ఆ సిపాయి ఏమన్నాడని అడిగింది. దారి బాగుందన్నాడని చెప్పాను. ‘అబద్ధాలాడ్డంలో నువ్వూ వాళ్ళలో కలిసిపోయావు’ అంది.”

ఫుల్క్ పగలబడి నవ్వాడు. గున్‌హిల్డ్ అతని వైపు చూసి, తర్వాత నా వైపు చూసి ఇంకేదో అడిగింది.

“తమరికి పిల్లలున్నారా అని అడుగుతోంది అయ్యా.”

“లేరు,” అన్నాను.

ఫుల్క్ గుర్రాన్ని నా దగ్గరగా తెచ్చాడు. “బావా.”

“లేరు కదా.”

మధ్యాహ్నం ఒక చెట్టు కింద ఆగితే ఆమె రొట్టె, గట్టిపడిన జున్ను కోసి అందరికీ ఇచ్చింది, నాకు కూడా. ఫుల్క్ బాగుందన్నాడు. నాకు రుచి తెలియలేదు.

*

కొండ మీద గడ్డి చుట్టుపక్కల ఎక్కడా లేనంత ఏపుగా పెరిగింది. దురదగొండి నడుము దాకా ఉంది. అందులో గొర్రెలు మేస్తున్నాయి. ఆ చోటు ఇంత చిన్నదా అనిపించింది. ఆ రోజు ఎంత ఎక్కినా తరగలేదు.

వాళ్ళవాళ్ళను పడినచోటే వదిలేశాం. దగ్గర్లో ఉన్నవాళ్ళెవరో వచ్చి కొందరిని తీసుకుపోయారట. మిగతావాళ్ళ మీద నుంచి ఒక చలికాలం, ఒక వేసవి నడిచిపోయాయి. గున్‌హిల్డ్ బండి దిగి చీలమండలకు గుడ్డలు చుట్టుకుంది. శిఖరానికి ఒక చివర మొదలుపెట్టి, గడ్డిని కర్రతో పాయ తీస్తూ, వంగి చూస్తూ నడిచింది. ఆల్రిక్ జపం చేసుకుంటూ ఆమె వెనకే వెళ్ళాడు. ఆమె ఒకచోట కూర్చునేది, లేచేది, ఇంకోచోట కూర్చునేది. పేరు పెట్టి పిలిచిందో, ప్రార్థన చేసిందో, ఇంత దూరానికి వినపడలేదు.

నేనూ ఫుల్కూ పారలు తీసుకుని కిందికి, వాగు పక్కకు దిగాం. గుంట దగ్గర గుర్తుకు నేనొక కర్ర మేకు పాతాను. ఇప్పుడు మేకు లేదు. దిబ్బలు మూడున్నాయి, మూడింటి మీదా ఒకటే రకం పిచ్చిమొక్కలు. చలికాలం వాగు పొంగి ఒకదాన్ని సగం కోసుకుపోయింది.

“ఏది?” అన్నాడు ఫుల్క్.

“ఇదే అనుకుంటాను.”

మధ్యదాన్ని తవ్వాం. ఎక్కువ లోతు తవ్వక్కర్లేకపోయింది. ఫుల్క్ కాసేపు తవ్వి, పార పడేసి, వాగు దాకా వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. అక్కడే ఉండిపోయాడు. వాడికి ఓస్మండ్ మేనల్లుడు. గుర్రమెక్కడం నేర్పింది వాడే.

నేను తవ్వుతూనే ఉన్నాను. ఒకరి మీద ఒకరున్నారు. ఎవరి చెయ్యో, ఎవరి కాలో. అందరూ ఒకటే రంగు. గుంట అంచున కూర్చున్నాను. ఇప్పుడైనా ఏదైనా కలుగుతుందేమోనని కాసేపు చూశాను. మట్టి వాసన వచ్చింది, అంతే.

ఎండ వాలుతుండగా గున్‌హిల్డ్ కొండ దిగి వచ్చింది. నారబట్టలో కట్టిన మూట గడ్డిమోపులా నడుముకు ఆనించుకుంది. నా ముందు ఆగి, గుంటలోకి చూసి అడిగింది.

“ఎవరున్నారిందులో, అంటోంది,” అన్నాడు ఆల్రిక్.

“నా కొడుకు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా ఒక మాట అంది.

“లేరన్నావు, అంటోంది.”

ఆమె మూటను గడ్డి మీద పెట్టి, పావడా పైకి దోపుకుని గుంటలోకి దిగింది.

“గుర్తులేమైనా ఉన్నాయా? ఉంగరం, మొలపట్టీ, ఏదైనా?”

“అన్నీ తీసేశాం,” అన్నాను. “కవచం, కత్తి, బూట్లు. ఇనుము దొరక్క మేమే తీసుకున్నాం. ఆ బూట్లు ఇప్పుడు హెర్లూయిన్ వేసుకుంటున్నాడు.”

ఆల్రిక్ ఆమెకు ఎంతవరకు చెప్పాడో తెలియదు. ఆమె తల ఊపి వంగింది. ఎముకలు ఒక్కొక్కటే తీసి, పైటచెంగులాంటి తన ముందుగుడ్డతో తుడిచి, పైకి అందించింది. నేను నా దుప్పటి పరిచి అందులో పెట్టాను. కాళ్ళవి, చేతులవి, చివరగా తల. ఒక మనిషికి సరిపడా.

“ఇవి వాడివి కాకపోవచ్చు,” అన్నాను.

ఆల్రిక్ చెప్పాడు. గున్‌హిల్డ్ గుంట ఎక్కి చేతులు దులుపుకుంది. గడ్డి మీదున్న తన మూట వైపు చూసి ఏదో అంది. ఆల్రిక్ నోరు తెరిచి నా వైపు తిరిగాడు.

“అక్కర్లేదు,” అన్నాను. “అర్థమైంది.”

ఏడాదిగా ఆ భాష చెవినపడుతూనే ఉంది. ‘నావి మాత్రం ఆయనవేనని ఎవరు చెప్పారు’ అంది ఆమె.

ఇద్దరం కలిసి గుంట పూడ్చాం. ఫుల్క్ వాగు నుంచి వచ్చి ఆమె చేతిలోని పార అందుకున్నాడు. రెండు మూటలూ బండిలో పక్కపక్కనే పెట్టాం. తిరుగుదారిలో గతుకు వచ్చినప్పుడల్లా ఆమె రెండింటి మీదా చేయి వేసి పట్టుకునేది.

*

థార్న్‌హర్స్ట్ జనమంతా చర్చి దగ్గరికి వచ్చారు. నేను గోడ బయట నిలబడ్డాను. ఆల్రిక్ సివర్డ్ పేరు పలికి నీళ్ళు చల్లాడు. ముసలివాళ్ళు మోకరిల్లారు. ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. గున్‌హిల్డ్ ఏడవలేదు. మట్టి వేయడం అయ్యాక ఎవరి చేతిలోంచో కొడవలి తీసుకుని తిన్నగా పొలానికి నడిచింది. ఒక గుప్పెడు కోసి, పన కట్టి, గట్టు మీద పెట్టింది. అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, అందరూ వంగారు.

వాన రాకముందే చాలావరకు ఇల్లు చేరింది. పల్లపు చేను మాత్రం తడిసి మొలకెత్తింది.

చివరి బండి వచ్చిన మర్నాడు గున్‌హిల్డ్ తాళాలగుత్తి తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. సన్యాసినుల మఠంలో ఆమె అక్క ఉందట, అక్కడికి పోతోంది. ఆల్రిక్ లేడు. ఆమె నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, పసివాడికి చెప్పినట్టు చెప్పింది.

“ఉత్తరం మూల కప్పు కారుతుంది. చలికి ముందు చూసుకో.”

“చూస్తాను,” అన్నాను, ఆమె భాషలో. ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

వాకిట్లో హెర్లూయిన్ ఆమె మూట గాడిద మీద కట్టి పెట్టాడు. ఆమె వెళ్ళాక చాలాసేపు అక్కడే నిలబడి, “మంచి గృహస్థురాలు దొరా. అడుగుదామనుకున్నాను, నన్ను చేసుకుంటావా అని,” అన్నాడు.

“అడగాల్సింది.”

“కాళ్ళకి ఈ బూట్లున్నాయి కదా,” అన్నాడు. ఆ బూట్లు ఎవరివో ఆమెకు తెలుసని ఆల్రిక్ వాడికి చెప్పాడని అప్పుడు అర్థమైంది.

ఊరిని వాడికి అప్పజెప్పి, ఫుల్క్‌తో కలిసి ఓడ ఎక్కాను. రాజుగారి సెలవు అడగలేదు.

*

మిఖాయేలు పండుగ ముందురోజు మార్క్‌వాల్ చేరాం. పెరట్లో ఆపిళ్ళు రాసులు పోసి ఉన్నాయి. హవీజ్ గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు సగానికి పైగా నెరిసింది. నా వైపు చూడలేదు, ఫుల్క్ చేతిలో ఉన్న దుప్పటి మూట వైపు చూసింది. పక్కకు తప్పుకుని మమ్మల్ని లోపలికి రానిచ్చింది.

మూట బల్ల మీద పెట్టించింది. అందరినీ బయటికి పొమ్మంది, నన్ను తప్ప. ముడి విప్పింది. తలను రెండు చేతులతో ఎత్తి చూసి మెల్లగా దించింది. తర్వాత పొడుగాటి కాలి ఎముక ఒకటి తీసుకుని, బల్ల మీద కూర్చుని, మోకాలి నుంచి తన కాలికి ఆనించి చూసుకుంది. అది ఆమె చీలమండ దాకా రాలేదు. ఓస్మండ్ ఆమెకన్నా తలంత పొడుగు.

“హవీజ్,” అన్నాను. “ఆ గుంటలో—”

ఆమె ఎముకను జాగ్రత్తగా దాని చోట పెట్టి మూట కట్టేసింది. ముడి మీద చేయి ఉంచి కాసేపు అలాగే కూర్చుంది.

“దారిలో ఏం తిన్నారో ఏమో,” అంది. “నీళ్ళు కాచమంటాను. స్నానం చెయ్యండి. పాదిరికి కబురు పంపిస్తాను.”

పండుగ మర్నాడు చర్చిలో, మా నాన్న పక్కన మట్టి చేశాం. గంట కొట్టించింది. బంధువులందరినీ పిలిపించింది. ఆడవాళ్ళు పట్టుకున్నా ఆగకుండా, నేల మీద పడి, పేరు పెట్టి ఏడ్చింది. ఫుల్క్ కూడా ఏడ్చాడు. నేను టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అందరూ నన్ను గుండె నిబ్బరం గలవాడన్నారు.

వారం గడిచాక ఒక ఉదయం ఇద్దరం పెరట్లో కూర్చుని ఆపిళ్ళు ఏరుతున్నాం. మంచివి ఒక గంపలోకి, దెబ్బతిన్నవి దంచి రసం తీయడానికి తొట్టిలోకి. పనివాళ్ళు అవతల దంచుతున్నారు.

“మళ్ళీ వెళ్తారా?” అంది.

“వెళ్ళకపోతే ఆ భూమి పోతుంది. నువ్వు వద్దంటే వెళ్ళను.”

ఆమె ఒక పండు తిప్పి చూసి తొట్టిలో వేసింది. “ఆ ఇల్లు ఎలా ఉంటుంది?”

“చెక్క ఇల్లు. పెద్దదే. పాలకొట్టం బాగుంటుంది.”

“అక్కడి నుంచి ఆ కొండ ఎంత దూరం?”

“బండి మీద రెండు రోజుల పైన.”

“నేనూ వస్తాను.”

నేను ఏరడం ఆపాను. “ఓస్మండ్‌ను వదిలేసి?”

“ఇక్కడున్న అబ్బాయికి ఫుల్క్ దీపం పెడుతుంటాడు. చెప్పాను,” అంది హవీజ్, గంప మీంచి తల ఎత్తకుండా. “మనవాడు అక్కడే ఉన్నాడుగా.”

నా చేతిలో పండు ఉంది. మంచిదో, దెబ్బతిన్నదో తేల్చుకోలేక చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆమె నా చేతిలోంచి దాన్ని తీసుకుని, చూసి, మంచి గంపలో వేసింది.